పాడ్‌మ్యాన్ రిమోట్‌కి విడి ప్యాకేజీ కావాలా?

పాడ్‌మ్యాన్ అంటే కంటైనర్లని, అంటే ఒక ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో కలిపి విడిగా ఉంచే పెట్టెలని, నడిపే పనిముట్టు. పాడ్‌మ్యాన్ రిమోట్ మాత్రం వేరే యంత్రంలోని పాడ్‌మ్యాన్‌కి ఆదేశాలు చేరవేసే క్లయింట్. లినక్స్ డిస్ట్రోల్లో దానికి విడి ప్యాకేజీ కావాలా అంటే, కావాలనే నా సమాధానం. అయితే "తేలికగా ఉంటుంది, డిస్క్ మీద చోటు మిగులుతుంది" అన్న కారణంతో అడిగితే మాత్రం, ప్యాకేజీ చూసుకునేవాళ్లు కాదనడంలో న్యాయం ఉంది. పాడ్‌మ్యాన్ గో భాషలో రాసిన ప్రోగ్రాం. గో ప్రోగ్రాం తనకు కావలసిన గో లైబ్రరీలన్నీ తనలోనే కలుపుకుని ఒకే ఫైలుగా తయారవుతుంది. అందుకని రిమోట్ క్లయింట్‌ని విడిగా బిల్డ్ చేసినా అది పదుల ఎంబీల్లోనే ఉంటుంది. అసలు తేడా ఫైలు సైజులో కాదు, దాని వెంట వచ్చే పరివారంలో ఉంది.

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక శిక్షణ కేంద్రం ల్యాబ్ అనుకోండి. 30 మంది విద్యార్థులు, చాలామంది చేతుల్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు, పక్క గదిలో 64 జీబీ ర్యామ్ ఉన్న ఒక సర్వర్. కంటైనర్లన్నీ నడిచేది ఆ సర్వర్ మీద. ల్యాప్‌టాప్‌కి కావలసింది సర్వర్‌కి మాట చేరవేసే ఒక్క కమాండ్, అంతే. కానీ ల్యాప్‌టాప్‌లో మామూలు పాడ్‌మ్యాన్ ప్యాకేజీ పెట్టామంటే దానితోపాటు కంటైనర్‌ని కనిపెట్టుకుని ఉండే కాన్‌మాన్ దిగుతుంది, దాన్ని మొదలుపెట్టే క్రన్ గానీ రన్‌సీ గానీ దిగుతుంది, నెట్‌వర్క్ కోసం నెట్‌అవార్క్, ఆర్డ్‌వార్క్ దిగుతాయి, వెర్షన్‌ని బట్టి పాస్టా లేదా స్లర్ప్‌ ఫర్ నెట్‌ఎన్‌ఎస్ దిగుతుంది. డెబియన్ కుటుంబంలో యూఐడీమ్యాప్ ప్యాకేజీ కూడా వస్తుంది. అందులోని న్యూయూఐడీమ్యాప్, న్యూజీఐడీమ్యాప్ అనే రెండు ప్రోగ్రాంలు రూట్ సెట్‌యూఐడీతో, అంటే ఎవరు నడిపినా రూట్ (యంత్రం మొత్తం మీద హక్కున్న ఖాతా) అధికారంతో, నడిచేవి. ఆ ల్యాప్‌టాప్‌లో ఒక్క కంటైనర్ కూడా ఎప్పటికీ నడవదు, అయినా ఇవన్నీ అక్కడే ఉంటాయి, వీటన్నిటికీ సెక్యూరిటీ అప్‌డేట్‌లు పెడుతూనే ఉండాలి.

కాబట్టి ఈ విడి ప్యాకేజీని ఎన్ని ఎంబీలు మిగిలాయన్న లెక్కతో కొలవకూడదు. ఆ యంత్రం మోయనక్కర్లేని పనులు ఏవేవో చూసి కొలవాలి.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. లినక్స్‌లో పూర్తి పాడ్‌మ్యాన్‌ని కూడా రిమోట్‌గా వాడొచ్చు. కమాండ్ తర్వాత "రిమోట్" ఆప్షన్ ఇవ్వాలి, లేదా కనెక్షన్ పేరు చెప్పాలి, లేదా కంటైనర్ హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాలి. ఇలాంటిదేదీ లేకపోతే పాడ్‌మ్యాన్ నోరెత్తకుండా ల్యాప్‌టాప్ మీదే పని మొదలుపెడుతుంది. డిఫాల్ట్ కనెక్షన్ ఒకటి సెట్ చేసి ఉన్నా సరే, రిమోట్ అని చెప్పకపోతే దాన్ని పట్టించుకోదు. విద్యార్థి ఆప్షన్ మరిచిపోయి "పుల్" అన్నాడంటే ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే మూస) సర్వర్‌కి కాక అతని ల్యాప్‌టాప్‌కి దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో ఉన్న పిల్లవాడికి ఆ ఒక్క పొరపాటుతో ఆ రోజు డేటా అయిపోవచ్చు. పైగా "నేను నడిపిన కంటైనర్ సర్వర్‌లో కనిపించడం లేదు" అని గంటసేపు వెతుకుతాడు.

పాడ్‌మ్యాన్ రిమోట్‌లో ఈ గందరగోళం రాదు. దానికి స్థానికంగా కంటైనర్ నడపడం చేతకాదు. కనెక్షన్ లేకపోతే "పాడ్‌మ్యాన్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాను" అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చేయలేని పనిని చేయలేనని చెప్పే పనిముట్టు కొత్తవాళ్ల చేతికి భద్రం.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. పాడ్‌మ్యాన్ 2020లో 2.0 వెర్షన్‌తో క్లయింట్ సర్వర్‌తో మాట్లాడే పాత వార్‌లింక్ పద్ధతిని వదిలి హెచ్‌టీటీపీ మీద నడిచే రెస్ట్ ఏపీఐకి మారినప్పటి నుంచి క్లయింట్, సర్వర్ వేరువేరుగా ఉండటం సహజమైపోయింది. మ్యాక్, విండోస్ మీద పాడ్‌మ్యాన్ పేరుతో వచ్చేది నిజానికి రిమోట్ క్లయింటే. కంటైనర్లు నడిచేది లోపలి లినక్స్ వర్చువల్ మెషీన్‌లో. ఫెడోరాలో, ఆల్పైన్‌లో పాడ్‌మ్యాన్ రిమోట్ అనే విడి ప్యాకేజీ ఉంది. పాడ్‌మ్యాన్ లాంటిదే అయిన డాకర్ కూడా 18.09 వెర్షన్ దగ్గర కమాండ్ భాగాన్ని డాకర్ సీఈ సీఎల్‌ఐ అని విడదీసింది. ఆల్పైన్‌లో డాకర్ సీఎల్‌ఐ, డాకర్ ఇంజిన్ రెండు ముక్కలు, డాకర్ అనే ప్యాకేజీ ఆ రెండింటినీ కలిపి తెస్తుంది.

ప్యాకేజీ లేని చోట జనం ఊరుకోరు. పాడ్‌మ్యాన్ ప్రాజెక్టు ప్రతి విడుదలతో లినక్స్ కోసం స్టాటిక్ (బయటి లైబ్రరీలేవీ అక్కర్లేని) రిమోట్ బైనరీని, అంటే నేరుగా నడిచే ఫైలుని, టార్ ఫైలుగా ఇస్తుంది. దాన్ని దించుకుని /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో పడేస్తారు. ఆ రోజుకి పని అవుతుంది. తర్వాత దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయరు. గో స్టాండర్డ్ లైబ్రరీలో టీఎల్‌ఎస్ లోపమో హెచ్‌టీటీపీ లోపమో బయటపడినప్పుడు, దాన్ని తనలో కలుపుకున్న ప్రతి బైనరీని మళ్లీ బిల్డ్ చేసి మార్చాలి. ప్యాకేజీగా ఉంటే ఆ పని "ఆప్ట్ అప్‌గ్రేడ్"తో జరిగిపోతుంది. టార్ ఫైలుగా దించుకున్నది 30 ల్యాప్‌టాప్‌ల్లో 30 రకాల పాత వెర్షన్లుగా మిగిలిపోతుంది. ప్యాకేజీ ఇవ్వకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని ఖర్చు వాడేవాళ్ల మీద పడుతుంది.

ఎదుటి వాదనలోనూ బలం ఉంది. డెబియన్‌లో కొత్త బైనరీ ప్యాకేజీ పేరు చేర్చితే, సోర్స్ పాతదే అయినా, అది న్యూ క్యూ గుండా వెళ్లాలి. ఆర్కైవ్ బృందం చూసి ఒప్పుకునేదాకా ఆగాలి. విడుదల దగ్గర పడుతున్నప్పుడు ఆ పని పెట్టుకోవడం తెలివి కాదు. పరీక్షలు రెట్టింపవుతాయి. "వాల్యూమ్ పని చేయడం లేదు" లాంటి, లోపం కానే కాని బగ్ రిపోర్టులు వస్తాయి. ఒక్కరే వాడుకునే డెవలపర్ ల్యాప్‌టాప్ అయితే, అక్కడే కంటైనర్లు కూడా నడుపుతారు కాబట్టి, పూర్తి పాడ్‌మ్యాన్‌తో రిమోట్ ఆప్షన్ వాడటమే సుఖం. అలాంటివాళ్ల కోసం విడి ప్యాకేజీ అక్కర్లేదు. ల్యాబ్‌లు, సీఐ రన్నర్లు (కోడ్‌ని తమంతట తామే బిల్డ్ చేసి పరీక్షించే యంత్రాలు), జంప్ హోస్ట్‌లు (లోపలి సర్వర్లకి వెళ్లే దారిలోని మధ్య యంత్రాలు), తక్కువ ర్యామ్ ఉన్న బోర్డులు, వీటి కోసం కావాలి.

ఎలా ప్యాకేజీ చేయాలి

మొదటి నియమం: సోర్స్ ప్యాకేజీ ఒక్కటే ఉండాలి. రిమోట్ కోసం వేరే సోర్స్ ప్యాకేజీ పెడితే ఆరు నెలల్లో రెండూ చెరో దారి పడతాయి. ఒకే సోర్స్ నుంచి రెండు బైనరీ ప్యాకేజీలు వచ్చేలా చేస్తే, సెక్యూరిటీ సవరణ ఒకసారి వేస్తే రెండింటికీ చేరుతుంది.

బిల్డ్‌లో తేడా అంతా "రిమోట్" అనే బిల్డ్ ట్యాగ్‌లో (ఏ భాగాలు కలపాలో చెప్పే గుర్తులో) ఉంది. "మేక్ పాడ్‌మ్యాన్-రిమోట్" అంటే మేక్‌ఫైల్ ఆ ట్యాగ్‌తోపాటు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌ని వదిలేసే ట్యాగ్, సంతకాలు సరిచూసే సీ లైబ్రరీ జీపీజీఎంఈ బదులు గో భాషలోని ఓపెన్‌పీజీపీని వాడే ట్యాగ్ కూడా ఇస్తుంది. వీటివల్ల ఆ సీ లైబ్రరీల అవసరం పోతుంది. డిస్ట్రో సొంత బిల్డ్ పద్ధతి వాడుతూ మేక్‌ఫైల్‌ని పక్కన పెట్టేవాళ్లు ఈ ట్యాగ్‌లన్నీ చేత్తో ఇవ్వాలి. ఒక్క రిమోట్ ట్యాగ్ ఇచ్చి మిగతావి మరిచిపోతే బిల్డ్ సాఫీగానే అవుతుంది గానీ, తయారైన బైనరీ జీపీజీఎంఈ మీద ఆధారపడే ప్రమాదం ఉంటుంది. బిల్డ్ అయ్యాక, బైనరీ ఏ లైబ్రరీలు కోరుతుందో చూపే ఎల్‌డీడీతో ఒకసారి చూసుకోండి. రిమోట్ బైనరీలో సెక్‌కాంప్, జీపీజీఎంఈ లైబ్రరీల పేర్లు కనిపిస్తే ట్యాగ్‌లు సరిగ్గా అందలేదన్నమాట.

గోలో సీ కోడ్ కలిపే సీగోని పూర్తిగా ఆపేసి స్టాటిక్‌గా కడితే ఏ లినక్స్ మీదైనా నడుస్తుంది, అక్కడి సీ లైబ్రరీ పాత గ్లిబ్‌సీ అయినా, ఆల్పైన్‌లోని మజల్ అయినా. దానికి ఒక మూల్యం ఉంది. అప్పుడు పేరు నుంచి ఐపీ వెతికే పని గో సొంత రిజాల్వర్ చేస్తుంది. అది /ఈటీసీ/హోస్ట్స్ చూస్తుంది, డీఎన్‌ఎస్ అడుగుతుంది, కానీ అవాహీ (స్థానిక నెట్‌వర్క్‌లో పేర్లు ప్రకటించే సర్వీస్) ద్వారా దొరికే ".లోకల్" పేర్లని గుర్తించదు. ల్యాబ్ సర్వర్‌ని "ల్యాబ్‌సర్వర్.లోకల్" అని పిలుచుకునే చోట, వేరే యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ పనిచేస్తుంది, పాడ్‌మ్యాన్ రిమోట్ మాత్రం ఆ పేరు తెలియదంటుంది. ప్రతి ల్యాప్‌టాప్‌లో హోస్ట్స్ ఫైలుకి ఒక వరుస చేర్చడం దీనికి సులువైన మందు. డిస్ట్రో ప్యాకేజీకి స్టాటిక్ అవసరం లేదు కాబట్టి, సీగో ఉంచి కట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఫైలు పేరు గురించి పట్టుబట్టి చెబుతాను. ఈ ప్యాకేజీ /యూఎస్‌ఆర్/బిన్/పాడ్‌మ్యాన్ అనే పేరు తీసుకోకూడదు. /యూఎస్‌ఆర్/బిన్/పాడ్‌మ్యాన్-రిమోట్ అనే ఉండాలి. అప్పుడు రెండు ప్యాకేజీలూ ఒకే యంత్రంలో గొడవ లేకుండా ఉంటాయి, రెండూ కలిసి ఉండవని చెప్పే కాన్‌ఫ్లిక్ట్స్ వరుస అక్కర్లేదు. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ పెట్టి "పాడ్‌మ్యాన్" అనే పేరుని రిమోట్ వైపు తిప్పుదామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. ఆ సదుపాయం ఒకే రకంగా ప్రవర్తించే ప్రోగ్రాంల కోసం. ఈ రెండూ అలా ప్రవర్తించవు. స్క్రిప్టుల్లో పాడ్‌మ్యాన్ అన్న పేరే కావాలనుకునేవాళ్లు తమ షెల్‌లో ఒక ఏలియాస్ పెట్టుకుంటే సరిపోతుంది.

డిపెండెన్సీల (ప్యాకేజీతోపాటు దిగాల్సినవాటి) దగ్గర జరిగే పెద్ద పొరపాటు, రిమోట్ ప్యాకేజీని అదే వెర్షన్ పాడ్‌మ్యాన్ ప్యాకేజీకి కట్టేయడం. సర్వర్ వేరే యంత్రంలో ఉంది, దాని వెర్షన్‌ని ఈ యంత్రంలోని ఆప్ట్ చూడలేదు. అలా కడితే మనం వద్దనుకున్న పరివారమంతా మళ్లీ వెనక తలుపు గుండా వచ్చేస్తుంది. తప్పనిసరి డిపెండెన్సీలు సీ లైబ్రరీ వరకే చాలు. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్‌ని రికమెండ్స్‌లో (ఉంటే మంచిదనే జాబితాలో) పెట్టండి. పాడ్‌మ్యాన్‌కి సొంత గో ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కాబట్టి అది లేకపోయినా నడుస్తుంది, కానీ కీ తయారు చేయడానికి, కీని గుర్తుంచుకునే ఏజెంట్ నడపడానికి, సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాంనే వాడే నేటివ్ మోడ్‌కి అది కావాలి. ఇమేజ్ సంతకాల పాలసీ ఫైలు, పొట్టి పేర్లని రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే సర్వర్) చిరునామాలకి మార్చే జాబితా, ఇవన్నీ పుల్ జరిగే చోట, అంటే సర్వర్‌లో, చదువుతారు. వాటిని క్లయింట్‌తో పంపక్కర్లేదు.

మ్యాన్ పేజీలు, బ్యాష్, జడ్‌ఎస్‌హెచ్, ఫిష్ కంప్లీషన్ ఫైళ్లు రిమోట్ పేరుతో విడిగా వెళ్లాలి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపేది) యూనిట్లు అసలు వెళ్లకూడదు, సాకెట్ (క్లయింట్ వచ్చి కలిసే చోటు) యూనిట్ సర్వర్ ప్యాకేజీ సొత్తు.

పరీక్షకు రెండో యంత్రం అవసరం లేదు. అదే యంత్రంలో "పాడ్‌మ్యాన్ సిస్టమ్ సర్వీస్"ని టైమ్ 0తో ఒక తాత్కాలిక యూనిక్స్ సాకెట్ మీద లేపి, పాడ్‌మ్యాన్ రిమోట్‌కి యూఆర్‌ఎల్ ఆప్షన్‌లో ఆ సాకెట్ ఇచ్చి "వెర్షన్" అడగండి. క్లయింట్, సర్వర్ అని రెండు భాగాలుగా జవాబు వస్తే సాకెట్ దాకా దారి సరిగ్గా ఉంది. టైమ్ 0 మరిచిపోతే సర్వీస్ 5 సెకన్లు ఖాళీగా ఉండగానే ఆగిపోతుంది, నెమ్మదైన బిల్డ్ యంత్రాల్లో పరీక్ష ఒకసారి నెగ్గి ఒకసారి ఓడుతుంది.

వెర్షన్ల పొంతన

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఉబుంటు 22.04లో వచ్చేది పాడ్‌మ్యాన్ 3.4.4. ఉబుంటు 24.04లో 4.9.3. డెబియన్ 12లో 4.3.1, డెబియన్ 13లో 5.4.2. సర్వర్ 22.04 మీద ఉండి, ల్యాప్‌టాప్‌లో 4.9 క్లయింట్ ఉంటే అది "సర్వర్ ఏపీఐ వెర్షన్ మరీ పాతది" అని కనెక్షన్ దగ్గరే తిప్పి పంపుతుంది. క్లయింట్ తనలో ఒక కనిష్ఠ ఏపీఐ సంఖ్య రాసిపెట్టుకుని వస్తుంది, 4 శ్రేణి క్లయింట్‌కి అది 4.0.0. అందుకని ముందు సర్వర్‌ని ఎత్తాలి, తర్వాతే క్లయింట్లని. రెండూ ఒకే మేజర్ సంఖ్యలో ఉండేలా చూసుకుంటే సగం తలనొప్పులు రావు.

5.0 వెర్షన్, అంటే 2024 మార్చి విడుదల, ఇంకో మార్పు తెచ్చింది. కనెక్షన్ల జాబితాని కంటైనర్స్ కాన్ఫ్ ఫైలు నుంచి తీసి పాడ్‌మ్యాన్-కనెక్షన్స్ అనే జేసన్ ఫైలులోకి మార్చింది. యాన్సిబుల్‌తో కాన్ఫ్ ఫైలులో వరుసలు రాసి ల్యాప్‌టాప్‌లని సిద్ధం చేసేవాళ్లు ఇది గమనించాలి. ఫైలుని నేరుగా రాసే బదులు "సిస్టమ్ కనెక్షన్ యాడ్" కమాండ్‌నే నడిపిస్తే వెర్షన్ మారినా ఇబ్బంది రాదు.

సర్వర్ వైపు పని

క్లయింట్ ప్యాకేజీ ఎంత బాగున్నా సర్వర్ సిద్ధంగా లేకపోతే లాభం లేదు, ప్యాకేజీ వివరణలో ఇది కనీసం రెండు వరుసలైనా ఉండాలి.

ప్రతి విద్యార్థికి సర్వర్‌లో సొంత ఖాతా ఇవ్వండి. రూట్ సాకెట్‌ని అందరికీ పంచవద్దు, ఆ సాకెట్ చేతికిస్తే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చినట్టే. మామూలు ఖాతాలో ఆ విద్యార్థిగా లాగిన్ అయి "సిస్టమ్‌సీటీఎల్ యూజర్ ఎనేబుల్ నౌ పాడ్‌మ్యాన్ సాకెట్" నడిపితే /రన్/యూజర్/1001/పాడ్‌మ్యాన్/పాడ్‌మ్యాన్.సాక్ వంటి చోట సాకెట్ పుడుతుంది. 1001 బదులు ఆ ఖాతా యూఐడీ ఉంటుంది. తర్వాత రూట్‌గా "లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్ లింగర్" ఆ ఖాతా పేరుతో నడపాలి. ఇది చాలామంది వదిలేస్తారు. లింగర్ లేకపోతే ఆఖరి సెషన్ ముగియగానే సిస్టమ్‌డీ ఆ యూజర్ సర్వీసులన్నీ ఆపేస్తుంది, /రన్/యూజర్ కింద ఉన్న ఫోల్డర్‌ని కూడా తీసేస్తుంది. మధ్యాహ్నం నడిపిన డేటాబేస్ కంటైనర్ సాయంత్రానికి ఉండదు. లాగ్‌లో క్రాష్ అని ఎక్కడా కనిపించదు కాబట్టి కారణం తట్టదు.

ల్యాప్‌టాప్‌లో ఎడ్25519 కీ ఒకటి చేసి సర్వర్‌లో చేర్చాక, "పాడ్‌మ్యాన్-రిమోట్ సిస్టమ్ కనెక్షన్ యాడ్" కమాండ్‌కి కనెక్షన్ పేరు, ఐడెంటిటీ ఆప్షన్‌లో కీ ఫైలు, ఆపైన ఎస్‌ఎస్‌హెచ్ చిరునామాతోపాటు సాకెట్ పూర్తి దారి ఇవ్వండి. దారి ఇవ్వకపోతే క్లయింట్ ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్‌లో "పాడ్‌మ్యాన్ ఇన్ఫో" నడిపి తానే తెలుసుకోవాలని చూస్తుంది. షెల్ ఇవ్వని ఖాతాల్లో అది కుదరదు. కీకి పాస్‌ఫ్రేజ్ ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ నడుస్తూ ఉండాలి, లేకపోతే ప్రతి కమాండ్‌కీ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ దగ్గర నాలుగు చిక్కులు తెలిసి ఉండాలి. పాడ్‌మ్యాన్ డిఫాల్ట్‌గా వాడేది గో ఎస్‌ఎస్‌హెచ్, మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులోని జంప్ హోస్ట్ సెట్టింగ్ మీద ఆ మోడ్‌లో ఆధారపడకండి. జంప్ హోస్ట్ దాటి వెళ్లాలంటే ముందుగానే ఎస్‌ఎస్‌హెచ్‌తో టన్నెల్ వేసుకోవాలి. రెండోది, రిమోట్ సాకెట్‌ని చేరడానికి యూనిక్స్ సాకెట్ ఫార్వర్డింగ్ వాడతారు. సర్వర్‌ని గట్టిపరిచే గైడ్‌లు చూసి "అలౌ స్ట్రీమ్ లోకల్ ఫార్వర్డింగ్" నో అని గానీ "డిజేబుల్ ఫార్వర్డింగ్" యెస్ అని గానీ పెట్టి ఉంటే, లాగిన్ బాగానే అవుతుంది, పాడ్‌మ్యాన్ మాత్రం కనెక్ట్ కాదు. మూడోది క్లాసు మొదలయ్యే క్షణంలో కనిపిస్తుంది. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లో మ్యాక్స్ స్టార్టప్స్ విలువ మామూలుగా 10:30:100. అంటే ఇంకా లాగిన్ పూర్తికాని కనెక్షన్లు 10కి చేరగానే కొత్తవాటిలో 30 శాతాన్ని యాదృచ్ఛికంగా తోసేయడం మొదలవుతుంది. పాడ్‌మ్యాన్ రిమోట్ ప్రతి కమాండ్‌కీ కొత్త ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెరుస్తుంది. సార్ "ఇప్పుడు రన్ చేయండి" అనగానే 30 మంది ఒకేసారి ఎంటర్ కొడితే, కొందరికి వస్తుంది కొందరికి రాదు, మళ్లీ కొడితే వస్తుంది. 60:30:120కి పెంచితే 30 మంది ల్యాబ్‌కి సరిపోతుంది.

నాలుగోది కొత్త వెర్షన్లలో వచ్చింది. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 9.8 నుంచి, తప్పుడు లాగిన్లు చేసిన ఐపీని కాసేపు దూరం పెట్టే పద్ధతి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే ల్యాబ్ మొత్తం ఒకే బయటి ఐపీతో కనిపిస్తుంది. నలుగురు తప్పు కీతో ప్రయత్నిస్తే మిగతా అందరికీ తలుపు మూసుకుంటుంది. ఆ ఐపీని పర్ సోర్స్ పెనాల్టీ ఎగ్జెంప్ట్ లిస్ట్‌లో చేర్చండి.

ఇమేజ్‌లు, పోర్టులు, ర్యామ్ గురించి కూడా ముందే లెక్క వేసుకోవాలి. రూట్ లేని పాడ్‌మ్యాన్‌లో ప్రతి ఖాతాకీ విడి స్టోరేజ్ ఉంటుంది. 400 ఎంబీ ఇమేజ్‌ని 30 మంది పుల్ చేస్తే 12 జీబీ. స్టోరేజ్ కాన్ఫ్‌లో "అడిషనల్ ఇమేజ్ స్టోర్స్" అనే వరుసలో ఒక ఉమ్మడి ఫోల్డర్ చూపిస్తే అందులోని ఇమేజ్‌లని అందరూ చదువుకోవచ్చు, ఎవరూ మళ్లీ దించనక్కర్లేదు. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ విద్యార్థుల ఖాతాలు చదవగలిగేలా ఉండాలి, లేదంటే ఇమేజ్ జాబితాలో కనిపిస్తుంది గానీ నడిపేటప్పుడు "పర్మిషన్ డినైడ్" వస్తుంది. పోర్టుల విషయంలో, అందరూ పాఠంలో ఉన్నట్టే 8080 కొడతారు, మొదటివాడికి తప్ప మిగతా వాళ్లకి ఆ పోర్టు దొరకదు. 20000కి రోల్ నంబర్‌ని 10తో గుణించి కలపమని చెప్పండి. 7వ నంబర్‌కి 20070 నుంచి 20079 దాకా పది పోర్టులు. ర్యామ్‌కి, /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ కింద "యూజర్-.స్లైస్.డీ" ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి మెమరీ మ్యాక్స్ 1500ఎం అని రాస్తే ప్రతి ఖాతాకీ అది వర్తిస్తుంది. 30 మందికి సుమారు 45 జీబీ, 64లో మిగిలింది సిస్టమ్‌కి. ఫోల్డర్ పేరులో యూజర్ తర్వాతి అడ్డగీత వదిలేస్తే పరిమితి ఒక్కొక్కరికీ విడిగా పడదు, అందరినీ కలిపి ఒకే గంపకి కట్టేస్తుంది.

వాడేవాళ్లు తడబడే చోట్లు

వాల్యూమ్ ఆప్షన్‌లో ఎడమ వైపు రాసే దారి సర్వర్‌ది. ల్యాప్‌టాప్‌లోని ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని కంటైనర్‌లో కలపాలనుకుంటే అది కుదరదు, సర్వర్‌లో ఆ దారి లేకపోతే ఎర్రర్ వస్తుంది. అదే దారి సర్వర్‌లో కూడా ఉంటే ఇంకా ప్రమాదం, ఎర్రర్ రాదు, పాత ఫైళ్లు కంటైనర్‌లోకి వెళతాయి. కోడ్‌ని ఆర్‌సింక్‌తో సర్వర్‌కి పంపడమో, పేరున్న వాల్యూమ్ వాడటమో, చిన్నదైతే "పాడ్‌మ్యాన్-రిమోట్ సీపీ" చేయడమో మార్గాలు.

బిల్డ్ మాత్రం ల్యాప్‌టాప్ ఫోల్డర్‌నే తీసుకుంటుంది. ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి సర్వర్‌కి పంపుతుంది, ప్రతి బిల్డ్‌కీ పంపుతుంది. నోడ్ మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీల) ఫోల్డర్ 600 ఎంబీ ఉండి, ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే, కుదింపు పక్కన పెడితే ఒక్క పంపకానికే 8 నిమిషాలు. సర్వర్‌ని ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో పెట్టుకున్నా ఈ ఆలస్యం తగ్గదు, ఇరుకుగా ఉన్నది మన ఇంటి అప్‌లోడ్ గొట్టం. ప్రాజెక్ట్ మూలంలో కంటైనర్‌ఇగ్నోర్ ఫైలు పెట్టి నోడ్ మాడ్యూల్స్, గిట్ ఫోల్డర్, బిల్డ్ ఫలితాలు రాయండి. డాకర్‌ఇగ్నోర్ ఉన్నా చదువుతుంది, రెండూ ఉంటే కంటైనర్‌ఇగ్నోర్‌కే పెద్దపీట.

పోర్టు సర్వర్ మీద తెరుచుకుంటుంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కొడితే ఏమీ రాదు, సర్వర్ ఐపీ కొట్టాలి. బయటి ప్రపంచానికి తెరవడం ఇష్టం లేకపోతే సర్వర్‌లో 127.0.0.1కే పబ్లిష్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ "ఎల్" ఆప్షన్‌తో టన్నెల్ వేసుకోండి.

రిజిస్ట్రీ లాగిన్ ల్యాప్‌టాప్‌లో జరుగుతుంది. క్లయింట్ తానే రిజిస్ట్రీని పలకరించి పాస్‌వర్డ్ సరిచూస్తుంది, తర్వాత పుల్ అడిగినప్పుడు ఆ వివరాలని సర్వర్‌కి అందిస్తుంది. అంటే సొంత సర్టిఫికెట్‌తో నడిచే కాలేజీ రిజిస్ట్రీ ఉంటే దాని సీఏ ఫైలు ల్యాప్‌టాప్‌లోనూ, సర్వర్‌లోనూ ఉండాలి. లినక్స్‌లో ఆ లాగిన్ ఫైలు మామూలుగా /రన్ కింద ఉంటుంది కాబట్టి రీబూట్ అయితే పోతుంది. కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగిపోయిన రోజున మళ్లీ లాగిన్ కావాలి, ఇది లోపం కాదు.

మౌంట్, అన్‌షేర్, ఆటో-అప్‌డేట్ కమాండ్లు రిమోట్‌లో లేవు. "లేటెస్ట్" ఆప్షన్, అంటే పొట్టిగా "ఎల్", కూడా లేదు. పాఠాల్లో "లాగ్స్ ఎల్" అని రాసుకున్నవాళ్లు కంటైనర్‌కి పేరు పెట్టి పిలవడం అలవాటు చేయాలి.

డాకర్ సీఎల్‌ఐని పాడ్‌మ్యాన్ సర్వర్‌కి తగిలించి ఇదే పని చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. పాడ్‌మ్యాన్ డాకర్‌కి సరిపడే ఏపీఐ కూడా ఇస్తుంది కాబట్టి మామూలు రన్, పీఎస్ వంటివి నడుస్తాయి. కానీ పాడ్‌లు (కలిసి నడిచే కంటైనర్ల గుంపులు), "కూబ్ ప్లే" (కుబర్నెటీస్ ఫైలుని నడిపే కమాండ్) అందవు. పైగా ఎస్‌ఎస్‌హెచ్ చిరునామా ఇస్తే డాకర్ క్లయింట్ సర్వర్‌లో "డాకర్ సిస్టమ్ డయల్-ఎస్‌టీడీఐఓ" అనే కమాండ్ నడపాలని చూస్తుంది, అక్కడ డాకర్ అనే పేరుతో ఏమీ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. డాకర్ అలవాటున్నవాళ్లకి తాత్కాలిక వంతెనగా సరే, ల్యాబ్ అంతటికీ అదే పునాది చేయవద్దు.

ప్యాకేజీ వివరణలో నేనైతే ఈ వాక్యాలు పెడతాను: "ఇది వేరే యంత్రంలో నడుస్తున్న పాడ్‌మ్యాన్ సర్వీస్‌తో మాట్లాడే క్లయింట్ మాత్రమే. ఈ యంత్రంలో కంటైనర్లు నడపదు. సర్వర్‌లో పాడ్‌మ్యాన్ 4.0 లేదా ఆపై వెర్షన్, తెరిచిన సాకెట్ ఉండాలి. వాల్యూమ్ దారులు, పోర్టులు సర్వర్‌వి. కంటైనర్లు ఇక్కడే నడపాలనుకుంటే పాడ్‌మ్యాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి."